జులైలో వెలిగమకి వద్దురా

విశాఖపట్నం,
మార్చి 9

చంటీ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. నాలుగు రంగులు, గంటకో గడి. పది రోజుల్లో హిక్కడువ, వెలిగమ, మిరిస్స, ఆరుగం బే. మధ్యలో ఎల్లా తేయాకు తోటలు, తిరుగుదారిలో సిగిరియా కొండ. మీ ఆఫీసులో ప్రాజెక్టు ప్లానులు ఇలాగే వేస్తారు కాబోలు. "ఒక్కసారి చూసి ఓకే అను అక్కా, టికెట్లు కొట్టేస్తా" అన్నావు. ఫోన్‌లో చెబితే మూడో మాటకే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నా. ఓకే అనడం లేదు. టికెట్లు కొట్టకు.

జులైలో వెలిగమకి వద్దురా.

ఆ నెలలో గది అంత చవగ్గా ఎందుకొస్తోందో ఒక్కసారైనా అనుమానం రాలేదా నీకు? శ్రీలంక చిన్న దీవే గానీ, అలలెక్కేవాళ్ళకి, అదే సర్ఫింగ్ చేసేవాళ్ళకి, అందులో రెండు దేశాలున్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి దక్షిణ, పడమటి తీరాల మీదికి నేరుగా కొడుతుంది. సముద్రం మీంచి ఒడ్డుకి వీచే గాలి అలని వెనక నుంచి తోసి, అది పూర్తిగా లేవకముందే కూలగొట్టేస్తుంది. నీళ్ళు గుంటలు గుంటలుగా, బురద రంగులో, ఎటు చూసినా నురగ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలి. అది దీవినంతా దాటుకొని వచ్చి అదే తీరంలో నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఆ ఎదురుగాలికి అల కాసేపు నిలబడుతుంది, ముఖం నున్నగా అవుతుంది, ఒక పక్క నుంచి మరో పక్కకి తీరిగ్గా విరుగుతుంది. నువ్వు ఫోటోల్లో చూసి ముచ్చటపడ్డ వెలిగమ అదీ. తూర్పున ఆరుగం బేలో లెక్క సరిగ్గా తిరగబడుతుంది. నైరుతి గాలి అక్కడికి చేరేసరికి నేల మీంచి వచ్చే గాలి అయిపోతుంది కాబట్టి, దాని కాలం మే నుంచి సెప్టెంబరు.

అంటే ఒకే పది రోజుల్లో ఈ రెండు తీరాలూ బాగుండడం దాదాపు జరగని పని. నీ షీటులో రెండూ ఉన్నాయి.

అల మాత్రం ఆ గాలికి పుట్టేది కాదు. అది పుట్టేది ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో, 40, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర లేచే తుపానుల్లో. అక్కణ్ణుంచి శ్రీలంకకి ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో అడ్డం పెద్ద నేలేమీ లేదు. 14 సెకన్లకో అల చొప్పున వచ్చే గుంపు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది, రాత్రీ పగలూ ఆగదు. చేరడానికి ఆరు రోజుల పైనే పడుతుంది. అలల యాప్‌లు వారం ముందే జోస్యం చెప్పగలుగుతున్నాయంటే ఇందుకే. మన జూన్, జులై నెలలు అక్కడ చలికాలం. తుపానులు పెద్దవి, అలలూ పెద్దవే. దక్షిణ తీరంలో ఆ పెద్ద అలలకి ఒడ్డుకి కొట్టే గాలి తోడైతే కొత్తవాడికి మిగిలేది చెవుల్లో ఇసుక.

నీకున్నవి రెండు దారులు. సెలవు జులైలోనే దొరుకుతుందంటే వెలిగమ కొట్టేసి పది రోజులూ ఆరుగం బేకి ఇచ్చెయ్. అక్కడ అందరూ చెప్పుకొనే మెయిన్ పాయింట్ నీకు కాదు. పక్కనే బేబీ పాయింట్ ఉంది, ఆటో ఎక్కితే విస్కీ పాయింట్, పీనట్ ఫార్మ్ ఉన్నాయి. వాటిలో అల మెత్తగా ఉన్న రోజు చూసుకోవాలి. సెలవు జరుపుకోగలిగితే మాత్రం ఫిబ్రవరిలో వెలిగమకి వెళ్ళు. నా ఓటు దీనికే. జనవరి అనడం లేదు. సంక్రాంతికి ఇంటికి రాకుండా లంకకి వెళ్ళావంటే పిన్ని నిన్ను వదిలేసి నన్ను పట్టుకుంటుంది.

సిగిరియా, ఎల్లా తీసెయ్. అవి బాగోవని కాదు. పది రోజుల్లో రాకపోకలకి రెండు పోతాయి. మధ్యలో భుజాలు పైకి లేవని రోజు ఒకటి ఖాయంగా వస్తుంది. మిగిలేవి ఏడు. అలలెక్కడం నేర్చుకోవడానికి ఏడు రోజులు చాలా తక్కువ, అందులోంచి కొండలకి కోత పెట్టకు. వేర్వేరు అలల మీద ఏడు రోజులు తిరిగితే రోజూ మొదటి రోజే. ఒకే ఒడ్డున ఏడు రోజులుంటే మూడో నాటికి ఏ కొబ్బరిచెట్టు ఎదురుగా అల లేస్తుందో నీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఈత రాదు. "కొంచెం వచ్చు" అంటావు, ఆ కొంచెం ఎంతో నాకు తెలుసు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మన ఇంట్లో చిన్నప్పుడు ఒక్కరికీ ఈత నేర్పలేదు. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి, చెప్పులు చేత పట్టించి, పాదాలు తడవగానే వెనక్కి లాగేసేవారు. వాళ్ళ భయంలో తప్పు లేదు, అక్కడ ఏటా ఎంతమంది కొట్టుకుపోయారో చూశారు కదా. కానీ ఆ భయం మనకి సముద్రాన్ని చూడటం నేర్పింది గానీ అందులో ఉండటం నేర్పలేదు. నేను ఈత నేర్చుకుంది ముప్ఫై నాలుగో ఏట, ఆరేళ్ళ పిల్లల బ్యాచ్‌లో. సిగ్గుపడకు. గచ్చిబౌలిలో కొలనులకి కరువా? ఆగకుండా 200 మీటర్లు ఈది, తర్వాత పది నిమిషాలు కాలు నేలకి తగలకుండా తేలగలిగితే చాలు. అది వచ్చేదాకా టికెట్టు మాట ఎత్తకు. "బోర్డు కాలికి కట్టే ఉంటుందిగా" అంటావేమో. ఆ తాడు పేరు లీష్. అది తెగుతుంది. నాది తెగింది.

దాంతో పాటు పడగ్గదిలో చాప మీద సుద్దముక్కతో నిలువుగా ఒక గీత గీసుకో. బోర్లా పడుకొని, అరచేతులు పక్కటెముకల కింద ఆనించి, ఒక్క ఊపున లేచి రెండు పాదాలూ ఆ గీత మీద పడేలా నిలబడు. దీన్ని పాప్ అప్ అంటారు. మోకాలు ఆనించి లేవడం అలవాటైందా, తర్వాత విడిపించడం బ్రహ్మతరం కాదు. రోజుకి ముప్ఫైసార్లు చెయ్. ఏ కాలు ముందుండాలో తెలియకపోతే, నీకు తెలియకుండా వెనక నుంచి ఎవరినైనా ఒక తోపు తొయ్యమను. పడకుండా ఆపుకోవడానికి ముందుకి వేసిన కాలే ముందు కాలు. లీష్ రెండో కాలికి కట్టుకోవాలి.

వెలిగమ అంటే సింహళంలో ఏమిటో తెలుసా? వెలి అంటే ఇసుక, గమ అంటే ఊరు. అచ్చంగా మన ఇసుకపల్లి. ఆ ఇసుకే నీకు కావలసింది. అల తన ఎత్తుకి రమారమి ఒకటింపావు రెట్లు లోతుకి రాగానే విరుగుతుంది. అడుగున ఇసుక మెల్లగా వాలుగా ఉంటే అల కూడా మెల్లగా, పైనుంచి పిండి రాలినట్టు విరుగుతుంది. అడుగున పగడపు దిబ్బ ఉండి లోతు ఒక్కసారిగా తగ్గిపోతే అల గోడలా లేచి విసిరికొడుతుంది. అందుకే ఇసుక ఉన్న వెలిగమ కొత్తవాళ్ళది, దిబ్బలున్న మిడిగమ, హిక్కడువ ఆట వచ్చినవాళ్ళవి. వెలిగమ నుంచి మిడిగమకి ఆటోలో పావుగంటే కావచ్చు. ఆ పావుగంట ప్రయాణానికి తొందరపడకు.

నేను పడ్డాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆరో రోజుకి నాకు అన్నీ వచ్చేశాయనిపించి మిడిగమకి పోయాను. అల మీంచి పడి, కంగారులో కాలు కిందికి దించాను. అడుగున సముద్రపు ముళ్ళకాయలు. మడమలో పదకొండు ముళ్ళు. గెస్ట్‌హౌసు ఆవిడ దీపం ముందు కూర్చోబెట్టి, నిమ్మకాయ పిండి, సూదితో ఒక్కొక్కటీ తీసింది. రెండు రోజులు మంచం మీదే. దిబ్బ ఉన్నచోట పడితే కాళ్ళు దించకూడదు, చాప పరిచినట్టు వెల్లకిలా పడాలి. ఎక్కడ పడినా సరే తల ముందు పెట్టి దూకకూడదు, పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకోవాలి, ఎందుకంటే మీద ఎక్కడో నీ బోర్డు ఉంటుంది. ఒడ్డున నడిచేటప్పుడు కూడా బోర్డుని నీకూ అలకీ మధ్య పెట్టుకోకు. అల దాన్ని ఎత్తి నీ పళ్ళ మీదే పెడుతుంది.

బోర్డు ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళొద్దు. అక్కడ అద్దెకి దొరుకుతాయి. నీ ఎత్తుకీ బరువుకీ తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డు, 80 లీటర్ల పైన ఉండేది తీసుకో. ఒడ్డున కుర్రాళ్ళు ఆరడుగుల సన్నటి గట్టి బోర్డులు చంకలో పెట్టుకొని తిరుగుతుంటే నీది తలుపు చెక్కలా కనిపిస్తుంది. ఫర్వాలేదు. ఆ సన్నదాని మీద నువ్వు నిలబడ్డం అటుంచి, దాని మీద పడుకొని చేతులతో ఈదడమే కుదరదు.

నేర్పేవాళ్ళ సంగతి చెప్పాలి. నేను మొదట నెట్‌లో బొమ్మలు చూసి ఒక క్యాంపుకి వారం డబ్బులూ ముందే కట్టేశాను. పేరెందుకులే. వెళ్ళి చూస్తే ఒక్క మాస్టారికి తొమ్మిది మందిమి. ఆయన మోకాలి లోతులో నిలబడి ఒక్కొక్కరినీ తోస్తుంటే, నా వంతు వచ్చేసరికి గంట గడిచేది. రెండో రోజే వదిలేశాను, డబ్బులు వెనక్కి రాలేదు. నువ్వు రెండు రోజులకి మించి ముందు కట్టకు. నలుగురికి మించి ఉంటారా, మాస్టారు నీతోపాటు నీళ్ళలోకి వస్తాడా అని అడుగు. తడుముకుంటే పక్క గుడిసెకి వెళ్ళు, ఆ ఒడ్డంతా గుడిసెలే.

తర్వాత నాకు దొరికిన మాస్టారు చేపల వేటకెళ్ళే కుటుంబంవాడు. యాభై దాటి ఉంటాయి. మాట తక్కువ. నాలుగో రోజున నేను ఆయన తొయ్యకుండా సొంతంగా ఒక అల పట్టుకున్నాను. లేచి నిలబడ్డాను కూడా. ఆ సంబరంలో ఎడమ పక్క చూడలేదు. అప్పటికే అదే అల మీద పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు వస్తున్నాడు. నన్ను తప్పించబోయి వాడు దూకేశాడు, నేనూ పడ్డాను. వాడు తేలి, ముందు నా బోర్డు పట్టుకొని, నా తలకేమైనా తగిలిందేమో చూసి, అప్పుడన్నాడు: "అక్కా, చూడలేదు." అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక అలకి ఒక్కరే. అల ఎక్కడ ముందు విరుగుతుందో దానికి దగ్గరగా ఉన్నవాళ్ళదే ఆ అల. లేచే ముందు అటు చూడాలి, ఎవరైనా ఉంటే బోర్డు ఆపెయ్యాలి. ఆ నీళ్ళలో మొదటి మర్యాద అదే. పక్కింట్లోకి చెప్పులతో వెళ్ళవుగా, అలాగే అనుకో.

మాస్టారు నా దగ్గర బోర్డు తీసేసుకొని ఒడ్డున కూర్చోమన్నాడు. "అరగంట లెక్కపెట్టు" అన్నాడు. ఏం లెక్కపెట్టాలో చెప్పలేదు. ఉక్రోషంగా కూర్చున్నాను. పది నిమిషాలకి గానీ కళ్ళు కుదురుకోలేదు. చిన్న చిన్న అలలు ఏడెనిమిది వచ్చాయి, వాటిని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత దూరాన ఒక గీత నల్లబడింది. నీళ్ళలో కూర్చున్న వాళ్ళంతా ఒకేసారి అటు తిరిగారు. నాలుగు పెద్ద అలలు, ఒకదాని వెనక ఒకటి. మూడోది అన్నిటికన్నా బాగుంది. మొదటి దానికే ఎగబడ్డవాళ్ళు అది వచ్చేసరికి నురగలో గింగిరాలు కొడుతున్నారు. మళ్ళీ సముద్రం పడుకుంది. పదకొండు నిమిషాలు. సెకన్లలో కొంచెం తేడా ఉన్న అలల వరసలు ఒకదాంట్లో ఒకటి కలిసినప్పుడు పెద్దవవుతాయి, తప్పినప్పుడు చిన్నవవుతాయి. సెట్ అనేది అదే. ఒడ్డుకి కొంచెం కుడివైపున ఒకచోట మాత్రం అల అసలు విరగడం లేదు, నీళ్ళు ముదురు రంగులో లోపలికి పోతున్నాయి. అది రిప్. ఆట వచ్చినవాళ్ళు అందులో బోర్డు మీద పడుకొని తేలిగ్గా లోపలికి వెళ్ళిపోతారు. తెలియనివాళ్ళు అది నిమ్మళంగా ఉందని అక్కడే స్నానానికి దిగుతారు. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదు. బోర్డుంటే దాన్ని వదలకు.

ఆ అరగంటలో నేర్చుకున్నది అంతకుముందు మూడు రోజుల్లో నేర్చుకోలేదు. నీ షీటులో "ఉదయం 7 నుంచి 9: సర్ఫింగ్" అని ఉంది. ఆ గడిని చీల్చి, మొదటి ఇరవై నిమిషాలు "కూర్చోవడం" అని రాసుకో.

ఉదయం అన్నావు, అది మాత్రం సరిగ్గా పెట్టావు. తెల్లవారుజామున నేల మీంచి సన్నగా గాలి వీస్తుంది, ఎండెక్కేకొద్దీ అది తిరిగి సముద్రపు గాలి అవుతుంది. ఆరింటికి నీళ్ళలో ఉండు. యాప్‌లో అడుగుల అంకె ఒక్కటే చూసి ఎగిరిపడకు. పక్కనే సెకన్ల అంకె ఉంటుంది, అసలు బలం దాంట్లో ఉంది. మూడు అడుగులు ఎనిమిది సెకన్లంటే పిల్లకాలువ, మూడు అడుగులే పద్నాలుగు సెకన్లంటే ఒడ్డుకొచ్చేసరికి నీ తలెత్తు దాటొచ్చు. ఆటుపోట్లకి మాత్రం మరీ బెంగ పెట్టుకోకు, అక్కడ పోటుకీ పాటుకీ తేడా ఒక మీటరు కూడా ఉండదు.

నీళ్ళలోకి దిగే ముందు ఇడ్లీల్లాంటివేమీ తినకు, పొట్ట మీద పడుకోవాలి. ఒక అరటిపండు చాలు. వచ్చాక తిను, ఎంతైనా తిను. అప్పాలు, ఇడియాప్పాలు, పరిప్పు అనే కొబ్బరిపాల పప్పు, పోల్ సంబోల్ అనే కొబ్బరి కారం. ఆ పోల్ సంబోల్ కోసం నేను ఇంకోసారి వెళ్తాను. గేదె పెరుగు మీద కితుల్ పాకం పోసి ఇస్తారు, అది తింటుంటే మన తాటిబెల్లం గుర్తొచ్చింది. ఎండలో దాహానికి నారింజ రంగు బొండాం, తంబిలి అంటారు. అన్నం తినే దేశం, నీకు బెంగ ఉండదు.

ఇంకో సంగతి. సింహళంలో కూడా అక్కని అక్కా అనే పిలుస్తారు. మొదటి రోజు కూరగాయల కొట్టులో ఎవరో "అక్కా" అంటే తెలుగువాళ్ళేమోనని తిరిగి చూశాను. తమ్ముణ్ణి మాత్రం మల్లి అంటారు. ఆరడుగుల నిన్ను పట్టుకొని అక్కడివాళ్ళు "మల్లీ, మల్లీ" అంటుంటే వినాలని నా కోరిక, వీడియో పంపు. ఆరుగం బే వైపు తమిళం మాట్లాడతారు, అక్కడైతే తంబివి.

మిగతావి చిన్నవే. వెళ్ళేముందు నెట్‌లోనే ఈటీఏ అనుమతి తీసుకో. చెన్నై నుంచి కొలంబో గంటన్నర. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి మాతర వైపు వెళ్ళే రైలెక్కి కుడి పక్కన కూర్చో, చాలాచోట్ల సముద్రం పట్టాల పక్కనే నడుస్తుంది. మూడు గంటల పైన పడుతుంది, టాక్సీలో పోతే అది పోగొట్టుకుంటావు. హిక్కడువకి ముందు పెరలియ వస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ అక్కడే ఒక రైలుని ముంచేసింది, వెయ్యికి పైగా మనుషులు అందులోనే పోయారు. ఆ ఉదయం మన తీరానికీ వచ్చింది, నువ్వప్పుడు బళ్ళోకి కూడా వెళ్ళడం లేదు. ఎప్పుడైనా సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు కనిపిస్తే ఫోన్ తియ్యకు, మెరక వైపు పరిగెత్తు.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు చిన్నక్షరాలు చదువు, చాలా పాలసీల్లో ఇలాంటి ఆటలకి వర్తించదని ఉంటుంది. మలేరియా లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2016లోనే ప్రకటించింది గానీ డెంగీ ఉంది, దోమల మందు పట్టుకెళ్ళు. ప్రతి పౌర్ణమీ అక్కడ పోయా సెలవు, మందు అమ్మరు, మీ బ్యాచ్‌కి ముందే చెప్పు. పొడుగు చేతుల రాష్ గార్డు కొనుక్కో. నల్లటి ఒళ్ళు కదా మనకేం కాదులే అనుకుంటే, మూడో రోజు మోకాళ్ళ వెనక చర్మం ఊడొస్తుంది. నాకు ఊడింది.

నువ్వు ఇవన్నీ చదివి మళ్ళీ షీటులో గడులు నింపుతావని నాకు తెలుసు. అందుకని ముందు ఒక పని చెయ్. వచ్చే శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రా. శనివారం తెల్లారేసరికి దిగుతావు, మీ బావ స్టేషన్‌కి వస్తారు. నా పాత ఫోమ్ బోర్డు కారు మీద తాళ్ళతో కట్టే ఉంచుతాను. రుషికొండలో అల చిన్నగా ఉంటే దిగుదాం, లేకపోతే ఇసుకలో కూర్చొని లెక్కపెడదాం. పిన్నికి మాత్రం పెళ్ళిచూపులకి వస్తున్నావని చెప్పాను, షర్టొకటి ఇస్త్రీ చేసి తెచ్చుకో.

మీ అక్క